మనిషిని లేపే విద్య

మన తెలుగులో రోగి స్థితిని చెప్పడానికి రెండు చిన్న మాటలున్నాయి. ఒకటి "మంచం పట్టాడు" అనేది. రెండవది "లేచి తిరుగుతున్నాడు" అనేది. ఊళ్ళో పెద్దమనిషి ఎవరికైనా సుస్తీ చేస్తే పరామర్శకు వచ్చినవారు జ్వరం ఎంత ఉన్నదని అడగరు. "లేచి కూర్చుంటున్నారా?" అని అడుగుతారు. వైద్యులు వ్రాసియిచ్చే కాగితాలలో ఎన్ని సంగతులున్నప్పటికీ, ఇంటివారి ఆశ నిరాశలు మాత్రం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతూ ఉంటాయి.

ఐతే ఈ రెండు మాటల నడుమ ఉన్న దూరాన్ని రోగి ఒక్కడే దాటలేడు. అతనిని ప్రక్కకు త్రిప్పేవారు, కూర్చోబెట్టేవారు, నిలబెట్టేవారు, నాలుగడుగులు నడిపించేవారు ఎవరో ఒకరు ఉండాలి. మన ఇండ్లలో ఆ పని భార్యల మీద, కోడళ్ళ మీద, కొడుకుల మీద, కూతుళ్ళ మీద పడుతుంది. వారిలో చాలామందికి ఆ పని ఏ తీరున చేయాలో ఎవరూ ఏనాడూ చెప్పి ఉండరు. ప్రేమ ఉంటే చాలునని మనం అనుకుంటాము. ప్రేమ నిండుగా ఉండి తెలివిడి లేకపోతే చేయి ఏమి చేస్తుందో నేను స్వయంగా ఎరుగుదును గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయడానికి సాహసిస్తున్నాను.

కొల్లేటి లంకలో

నేను ముప్పై ఏండ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన బడిపంతులును. మా మేనమామగారిది కొల్లేటి లంక. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉండి, తమ్మిలేరూ బుడమేరూ తెచ్చిపోసే నీటిని పట్టుకొని, ఉప్పుటేరు గుండా సముద్రానికి విడిచిపెట్టే ఆ సరస్సును గురించి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. అది 1999లో అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో అందులోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టివేయించింది. ఆటపాకకు గూడబాతులను చూడవచ్చేవారికి అది కన్నుల పండుగ. లంకలో కాపురముండేవారికి మాత్రం వానకాలంలో నీరు ఎగదన్నిందంటే, ఇంట్లో ఒకరికి జబ్బు చేసిందంటే, దారి వెతుక్కోవలసిన చోటు.

మా మామయ్య పడుచుతనంలో తాటిదోనెమీద నిలబడి గడ వేస్తూ పోతుంటే ఒడ్డున ఉన్నవారు చూస్తూ నిలబడేవారు. అటువంటి మనిషికి కొన్నేండ్ల క్రిందట ఒకనాటి తెల్లవారుజామున పక్షవాతం వచ్చింది. మూతి ఒక ప్రక్కకు పోయింది. ఎడమచేయీ ఎడమకాలూ పడిపోయాయి. పట్నానికి చేర్చారు. వైద్యులు ప్రాణం నిలబెట్టారు. కొన్ని దినాల తరువాత ఇంటికి తీసుకువచ్చాము. అందరమూ గండం గడిచిందనే అనుకున్నాము.

ఇంటికి వచ్చిన మూడవనాడు ఆయనను నులకమంచం మీదనుండి కుర్చీలోకి మార్చవలసి వచ్చింది. కుడిప్రక్క మా బావమరిది, ఎడమప్రక్క నేను. ఇద్దరమూ చంకల క్రింద చేతులు దూర్చి, చెరొక చేయీ గట్టిగా పట్టుకొని, ఒక్క ఊపున పైకి లాగాము. మామయ్య పెట్టిన కేక ఈనాటికీ నా చెవులలో ఉన్నది. ఆయనను కుర్చీలో పడవేసినంత పని చేసి నేను నడుము పట్టుకొని గోడకు చేరగిలబడ్డాను. సాయంత్రానికి ఆయన ఎడమ భుజం తాకనివ్వలేదు. పది దినాలు గడిచినా తాకనివ్వలేదు. అంతకంటె విచారకరమైన సంగతి మరొకటి ఉన్నది. ఎవరైనా లేపడానికి దగ్గరకు వస్తే చాలు, ఆయన మంచపుకోడు గట్టిగా పట్టుకొని "వద్దురా, ఇట్లానే ఉండనివ్వండి" అనడం మొదలుపెట్టారు. భుజం నొప్పి ఒకయెత్తు. లేవడమంటే పుట్టిన భయం ఒకయెత్తు.

ఒక శిష్యురాలి పాఠం

చివరకు ఏలూరులో ఒక ఫిజియోథెరపీ నిపుణురాలిని ఆశ్రయించాము. ఆమె నన్ను చూడగానే లేచి నమస్కరించింది. పోల్చుకొనడానికి నాకు కొంత సేపు పట్టింది. మా బడిలో చదువుకున్న పిల్లే.

"మాస్టారూ, తాతగారిని ఎక్కడ పట్టుకొని లేపారండీ?" అని అడిగింది.

"చంకల క్రింద చేతులు పెట్టి, చేయి పుచ్చుకొని లేపామమ్మా" అన్నాను.

ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అన్నది: "తొమ్మిదో తరగతిలో మీరు గురుత్వకేంద్రం పాఠం చెబుతూ నల్లబల్లమీద దోనె బొమ్మ వేశారు, జ్ఞాపకమున్నదాండీ? దోనెలో నిలబడితే ఎందుకు ఒరుగుతుందో, కూర్చుంటే ఎందుకు నిలుస్తుందో చెప్పారు. మేము చదువుకున్న దానిలో సగం ఆ పాఠమే మాస్టారూ."

ముప్పై ఏండ్లు మీటసూత్రం బోధించి, దానిని మా మామయ్య భుజం మీద తప్పుగా ప్రయోగించినవాడిని నేను. సిగ్గుపడ్డాను. సిగ్గుపడి ఊరుకోక, ఆ పిల్ల ఎదుట బల్లమీద కూర్చుని మళ్ళీ మొదటినుండి నేర్చుకున్నాను.

ఆమె చెప్పిన మొదటి సంగతి భుజాన్ని గురించి. మన శరీరంలో అన్ని వైపులకూ ఎక్కువగా తిరిగే కీలు అదే. అంత స్వేచ్ఛ ఉన్నది గనుకనే దాని పట్టు తక్కువ. చేతి యెముక తల పెద్దది, అది కూర్చునే గుంట చిన్నది, లోతులేనిది. చుట్టూ ఉన్న కండరాలే దానిని స్థానంలో నిలబెట్టుతాయి. పక్షవాతంలో ఆ కండరాలు చచ్చుబడిపోతే చేతి బరువుకే కీలు క్రిందికి జారుతూ ఉంటుంది. అటువంటి చేతిని పట్టుకొని లాగడమంటే, కాడి కట్టు ఊడిపోయిన బండిని ఎద్దులచేత లాగించడమే. అందువలన పడిపోయిన చేతిని ఎన్నడూ లాగకూడదు. ఆ చంక క్రింద పట్టి ఎన్నడూ ఎత్తకూడదు. కూర్చున్నప్పుడు ఆ చేతిని వ్రేలాడనివ్వక ఒడిలోనో, దిండు మీదనో ఆనించి ఉంచాలి.

బస్తా, మనిషి

బరువెత్తడం చూడదలచినవారు తాడేపల్లిగూడెం పోయి ఉల్లిపాయల బజారులో ఒక అరగంట నిలబడితే చాలును. అక్కడి కూలీలు బస్తాను చేతులు చాచి దూరంగా పట్టుకోరు. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, బస్తాను ఒంటికి ఆనించుకుంటారు. బరువు పెద్దదైతే ఒకరు పట్టి మరొకరి వీపు మీద వేస్తారు. వారికి ఈ విద్యను ఏ పుస్తకమూ నేర్పలేదు, నడుమే నేర్పింది.

విద్యార్థులు దీనిని సులువుగా లెక్కవేసి చూడవచ్చును. మనం వంగినప్పుడు నడుము క్రిందిభాగంలోని వెన్నుకీలు మీటకు ఆధారబిందువు వంటిది. మనలను నిలబెట్టే వీపు కండరాలు ఆ బిందువుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. 20 కిలోల బరువును చేతులు చాచి 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, దానికి సరితూగడానికి ఆ కండరాలు 200 కిలోల బలంతో లాగవలసి ఉంటుంది. అదే బరువును 20 సెంటీమీటర్ల దూరానికి తెచ్చుకుంటే 80 కిలోలతో సరిపోతుంది. మన ఒంటి బరువు దీనికి అదనం. మంచానికి దూరంగా నిలబడి, నడుము వంచి, రోగిని పైకి లాగే మనిషి నడుము ఎందుకు పట్టివేస్తుందో ఇప్పుడు తెలుస్తున్నది గదా.

అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని పరిశీలించే జాతీయ సంస్థ 1991లో ఒక లెక్క కట్టింది. పరిస్థితులన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలకు మించరాదని దాని తాత్పర్యం. రోగులను ఎత్తే సందర్భంలో ఆ హద్దును సుమారు 16 కిలోలకు తగ్గించాలని 2007లో ఆ సంస్థకు చెందిన పరిశోధకుడు థామస్ వాటర్స్ ప్రతిపాదించాడు. ఎందుకు తగ్గించవలసి వచ్చింది? బస్తా కదలదు, మనిషి కదులుతాడు. బస్తాకు నొప్పి లేదు, భయం లేదు, సిగ్గు లేదు. బస్తా హఠాత్తుగా మన మెడ పట్టుకొని వ్రేలాడదు. మా మామయ్య బరువు 60 కిలోలు. ఏ లెక్కన చూచినా ఆయనను ఒకరుగాని ఇద్దరుగాని చేతులతో ఎత్తడం తగని పని. ఈ కారణం చేతనే అనేక దేశాల ఆసుపత్రులలో ఇప్పుడు రోగులను ఎత్తడానికి యంత్రాలూ, జార్చడానికి నున్నటి పట్టలూ వాడుతున్నారు.

"మరి యంత్రం లేని మా లంకలో ఏమి చేయాలమ్మా?" అని అడిగాను.

"ఎత్తడం మానేయాలండీ" అన్నది ఆమె. "తాతగారి కుడికాలు బాగానే ఉన్నది, కుడిచేయి బాగానే ఉన్నది, మాట బాగానే ఉన్నది. సగం బలం ఆయన దగ్గరే ఉంచుకొని మీరిద్దరూ బరువంతా మోయబోయారు. ఆయన లేవాలి, మీరు తోడుండాలి."

చేయవలసిన తీరు

ఆమె చూపిన తీరును వీలయినంత విపులంగా ఇక్కడ వ్రాస్తున్నాను. ఐతే ఈత పుస్తకం చదివి రానట్లే ఈ పనీ చదివితే రాదు. ఇంట్లో రోగి ఉన్నవారు తెలిసినవారి ఎదుట ఒకసారి చేసి చూపించి, తప్పులు దిద్దించుకోవడం అవసరం.

అన్నింటికంటె ముందు చేయవలసింది రోగికి చెప్పడం. "ఇప్పుడు కుడిప్రక్కకు తిరుగుదాము", "మూడు లెక్కపెట్టగానే లేద్దాము" అని చెప్పకుండా ఒంటిమీద చేయి వేయరాదు. చెప్పనిదే తాకితే ఒళ్ళు బిగుసుకుంటుంది. బిగుసుకున్న ఒళ్ళు రెండింతలు బరువు తూగుతుంది.

ప్రక్కకు త్రిప్పేటప్పుడు రోగి మోకాళ్ళు మడిచి నిలిపి, చేతులు రొమ్ము మీదకు తెచ్చి, ఒక చేయి వీపురెక్క మీద, మరొక చేయి తుంటి మీద వేసి మనవైపు నెమ్మదిగా దొర్లించాలి. మోకాళ్ళు మడిచి నిలిపితే అవే మీట అవుతాయి. సగం పని అవే చేస్తాయి. పడిపోయిన ప్రక్కమీద పడుకోబెట్టవలసి వస్తే ఆ భుజాన్ని ఒంటి క్రింద నలగనివ్వక ముందుకు తీసి ఉంచాలి. తలవైపుకు జరపవలసి వస్తే చంకలు పట్టి ఈడ్వకూడదు. మడతపెట్టిన దుప్పటి ఒకటి భుజాలనుండి తుంటిదాకా రోగి క్రింద ఉంచి, ఇటొకరు అటొకరు దాని అంచులు ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకొని, ఒక్కమాటగా జరపాలి. ఈడ్చినప్పుడు పైచర్మం ప్రక్కబట్టను అంటుకొని ఉండిపోతుంది, లోపలి యెముక జరిగిపోతుంది. ఆ రెంటి నడుమ నలిగిన కండలోనే పుండు పుట్టుతుంది.

పడకపుండ్లను గురించి ఒక్కమాట. మడమలు, తుంటి, నడుము క్రిందియెముక, వీపురెక్కలు, మోచేతులు, తల వెనుకభాగం: యెముక చర్మానికి దగ్గరగా ఉన్న ఈ చోట్లలో ఎడతెగని ఒత్తిడి పడితే నెత్తురు ఆడదు. రెండు గంటలకొకసారి రోగిని ప్రక్క మార్చడం మామూలుగా పాటించే నియమం. ఎఱ్ఱబడిన చోట వ్రేలితో నొక్కి చూడాలి. తెల్లబడి మళ్ళీ ఎఱ్ఱనైతే హెచ్చరిక అనుకోవాలి. నొక్కినా ఎఱుపు అట్లానే నిలిచి ఉంటే పుండు మొదలైందన్నమాటే. వెంటనే వైద్యులకు చూపాలి. ఆ చోటును గట్టిగా మర్దనా చేయడం మంచిది కాదు. నలిగిన కండను అది మరింత నలుపుతుంది.

మంచంమీదనుండి కుర్చీకి మార్చే పద్ధతి మరొకటి. కుర్చీని రోగికి బాగున్న ప్రక్కగా, మంచానికి ఏటవాలుగా, దగ్గరగా వేయాలి. చక్రాలకుర్చీ అయితే చక్రాలు బిగించి ఉన్నాయో లేదో చూడాలి. రోగిని లేపి కూర్చోబెట్టి, కాళ్ళు నేలకు ఆనించి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. చాలాకాలం పడుకున్నవారు హఠాత్తుగా లేస్తే నెత్తురుపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. తరువాత మంచం అంచుదాకా జరిగి, పాదాలు మోకాళ్ళకంటె కొంచెం వెనక్కు తెచ్చుకోవాలి. నడుముకు ఒక కండువానో తువ్వాలునో మడిచి గట్టిగా కడితే మన చేతికి పట్టు దొరుకుతుంది. మనం ఎదుట నిలబడి, పడిపోయిన కాలి మోకాలు జారకుండా మన మోకాలితో ఆపి, మన నడుము వంచక మోకాళ్ళు వంచి, ఆ కట్టు పట్టుకోవాలి. రోగి మన మెడ పట్టుకోరాదు. ముందుకు వంగి, తల పాదాల మీదకు రాగానే, మూడవ లెక్కకు ఆయన లేస్తారు. నిలబడి, బాగున్న కాలిమీద చిన్న అడుగులతో తిరిగి, కుర్చీ అంచు కాళ్ళ వెనుక తగిలిన తరువాత నెమ్మదిగా కూర్చుంటారు.

ముందుకు ఎందుకు వంగాలి? కూర్చున్న మనిషి గురుత్వకేంద్రం మంచం మీద ఉంటుంది. అది పాదాల మీదకు వచ్చినప్పుడుగాని మనిషి తనంత తాను లేవలేడు. పిల్లలు కుర్చీలో నిటారుగా కూర్చుని, ముందుకు వంగకుండా లేవడానికి ప్రయత్నించి చూడవచ్చును. ఎంత బలశాలికైనా సాధ్యం కాదు. మేము మామయ్యను నిటారుగా పట్టుకొని పైకి లాగాము. అంటే ఆయన తనకు తాను లేవడానికి ఉన్న ఒక్క దారినీ మేమే మూసివేశామన్నమాట.

రోగి నడుస్తూ పడిపోబోతే? ఆపబోయి మనం కూడా పడుతాము. ఆయనను మన ఒంటికి దగ్గరగా తీసుకొని, తలకు దెబ్బ తగలకుండా కాచుకుంటూ, మన కాలి వెంబడి నెమ్మదిగా నేలకు జారనివ్వడమే తెలివైన పని. అన్నం పెట్టేటప్పుడూ ఇటువంటి నియమమే ఒకటి ఉన్నది: పడుకోబెట్టి పెట్టరాదు. నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టాలి. తిన్న తరువాత అరగంట అట్లానే కూర్చోనివ్వాలి. మింగుతూ దగ్గు వస్తున్నా, గొంతు నీళ్ళు నిండినట్లు మ్రోగుతున్నా పెట్టడం ఆపి వైద్యులతో చెప్పాలి.

ఈ విద్య పుట్టుపూర్వోత్తరాలు

కదలికనే మందుగా వాడే ఈ శాస్త్రానికి దీర్ఘమైన చరిత్రే ఉన్నది. 1813లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోములో పెర్ హెన్రిక్ లింగ్ అనే ఆయన వ్యాయామ విద్యకు ఒక కేంద్ర సంస్థను నెలకొల్పాడు. 1894లో లండనులో నలుగురు నర్సులు కలిసి శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘమొకటి స్థాపించారు. నేటి బ్రిటిష్ ఫిజియోథెరపీ సంఘానికి అదే మూలం. మన దేశంలో ఐక్యరాజ్యసమితి ఆరోగ్యసంస్థ తోడ్పాటుతో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో 1953లో ఫిజియోథెరపీ పాఠశాల వెలిసింది. ఆనాడు పోలియో వచ్చి కాళ్ళు చచ్చుబడిన పిల్లలు ప్రతి ఊళ్ళోనూ కనిపించేవారు. మన దేశంలో చివరి పోలియో రోగి 2011 జనవరి 13న హౌరాలో కనబడింది. 2014 మార్చిలో దేశం పోలియో నుండి విముక్తి పొందినట్లు ధ్రువపడింది. ఒక వ్యాధి పోయింది. పక్షవాతమూ, రోడ్డు ప్రమాదాలూ మిగిలి ఉన్నాయి. వాటితోపాటే ఈ విద్య అవసరమూ.

వేలూరులో పనిచేసిన మేరీ వర్గీస్ కథ ప్రతి విద్యార్థీ తెలుసుకోదగినది. ఆమె యువ వైద్యురాలు. 1954లో జరిగిన మోటారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుము క్రిందిభాగం చచ్చుబడిపోయింది. ఆమె చక్రాలకుర్చీలో కూర్చుని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. తరువాత అమెరికాలో పునరావాస వైద్యం చదివి వచ్చి, వేలూరులో ఆ శాఖను పెంచింది. 1966లో అక్కడ పునరావాస సంస్థ ఏర్పడింది. నిలబడలేని మనిషి వేలమందిని నిలబెట్టింది. ఆమె బలం ఎంత పోయిందని గాక ఎంత మిగిలిందని లెక్కవేసుకున్నది. మా శిష్యురాలు మా మామయ్యను గురించి వేసిన లెక్క కూడా అదే.

ఏలూరు చూచిన రాత్రి

ఈ తెలివిడి పక్షవాతానికి మాత్రమే పరిమితమని ఎవరూ భావించరాదు. 2020 డిసెంబరు 5న, అప్పటికి పశ్చిమ గోదావరి జిల్లా ముఖ్యపట్టణమైన ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోసాగారు. ఫిట్సు, నురగ, తలతిప్పు, వాంతి. కొద్ది దినాలలో ఆరువందలమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. చాలామంది త్వరలోనే కోలుకున్నారు. రోగుల రక్తంలో సీసమూ నికెలూ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలు తెలిపాయి. తరువాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు కూడా వేలు చూపారు. కారణాల మాట అట్లా ఉంచి, మనిషి వీధిలో పడి గిలగిల కొట్టుకుంటున్నప్పుడు ప్రక్కనున్నవాడు ఏమి చేయాలన్నది ఆ దినాలలో ఆ ఊళ్ళోని ప్రతి గడపకూ ఎదురైన ప్రశ్న.

మన దేశంలో చేతిలో తాళపుచెవి పెట్టే వాడుక ఒకటి ఉన్నది. ఇనుము మూర్ఛను ఆపదు. మూర్ఛ సాధారణంగా ఒకటి రెండు నిమిషాలలో తనంత తానే తగ్గుతుంది. తాళపుచెవికి ఊరికే పేరు వస్తుంది. చేయవలసిన పనులు కొద్ది. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసివేసి, తల క్రింద మెత్తని బట్ట పెట్టాలి. మెడ దగ్గర గుండీలు వదులు చేయాలి. నోటిలో చెంచాగాని, వ్రేలుగాని, నీళ్ళుగాని పెట్టరాదు. కాళ్ళూ చేతులూ అదిమి పట్టరాదు. కొట్టుకోవడం తగ్గగానే ప్రక్కకు త్రిప్పి పడుకోబెడితే నురగా వాంతీ ఊపిరిత్తులలోకి పోకుండా బయటకు వస్తాయి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్ళీ వచ్చినా 108కి ఫోను చేయాలి. ఇక్కడా ప్రాణం కాపాడేది బలం ప్రయోగించే చేయి కాదు. ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు వదలాలో ఎరిగిన చేయి.

తాటిచెట్లున్న మన సీమలో గీతకార్మికులు చెట్టుమీదనుండి పడడం తరచు వినే కబురే. అటువంటివారిని నలుగురూ నాలుగు చేతులు పట్టి ఎత్తి నులకమంచంలో వేస్తే, మంచం గుంటపడి, విరిగిన వెన్ను మరింత వంగుతుంది; పోని కాళ్ళు కూడా పోవచ్చును. శిక్షణ ఉన్నవారు వచ్చేవరకు కదపకపోవడం ఉత్తమం. కదపక తప్పనప్పుడు ఒకరు తలను రెండు చేతుల నడుమ నిటారుగా పట్టి, మాట చెప్పాలి. మిగిలినవారు తల, మొండెం, కాళ్ళు ఒకే వరుసలో ఉండేటట్లు దుంగను దొర్లించినట్లు దొర్లించి, గట్టి తలుపుచెక్క మీదకు మార్చాలి.

బడిలో ఒక్క గంట

ఇదంతా నేర్పడానికి కావలసిన సామగ్రి ఏమిటి? ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక దుప్పటి, ఒక కండువా. ప్రతి బడిలోనూ ఉన్నవే. మీటసూత్రం, గురుత్వకేంద్రం, ఘర్షణ మన పాఠ్యపుస్తకాలలో ఎప్పటినుండో ఉన్నాయి. నేను వాటిని గడ్డపారలతోనూ త్రాసులతోనూ ముప్పై ఏండ్లు చెప్పాను. మరునాడు పిల్ల ఇంటికి పోయి మంచంలో ఉన్న నాయనమ్మను లేపవలసి వస్తుందని ఒక్కసారి కూడా తోచలేదు. ఇప్పటి ఉపాధ్యాయ మిత్రులు నా తప్పు చేయకుందురు గాక. సంవత్సరంలో ఒక్క గంట కేటాయించి, సమీపంలోని ఫిజియోథెరపీ నిపుణులను పిలిచి, పిల్లలచేత ఒకరి మీద ఒకరు చేసి చూపిస్తే చాలును. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 8 ప్రపంచ ఫిజియోథెరపీ దినం. ఆ దినమే పెట్టుకోవచ్చును. 2021లో పార్లమెంటు ఈ వృత్తులవారికోసం ప్రత్యేక చట్టం చేసింది. చట్టం నిపుణులను తయారు చేస్తుంది. రాత్రి రెండు గంటలకు మంచం ప్రక్కన ఉండేది మాత్రం ఇంటివారే.

మా మామయ్య సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఎడమ భుజం పూర్వంలా కాలేదు. నొప్పి తగ్గింది గాని చేయి తలదాకా లేవలేదు. ఆ లోటు నా చేతి వలన వచ్చిందేనని నేను మరచిపోలేదు. ఆయన ఒక్కనాడూ అనలేదు.

భయం పోవడానికి కొన్ని వారాలు పట్టింది. ఒకనాటి ఉదయం మా బావమరిది కండువా కట్టి లేపడానికి సిద్ధపడుతుంటే మామయ్య "ఆగరా" అన్నారు. కుడిపాదాన్ని వెనక్కు తెచ్చుకున్నారు. ఎడమపాదాన్ని కుడిచేతితో పట్టి దాని ప్రక్కకు లాక్కున్నారు. ముందుకు వంగారు. "దోనెలో లేచేవాడు ఇంతేగదరా చేసేది. వంగి, కాళ్ళ మీదకు బరువు తెచ్చుకొని, అప్పుడు లేస్తాడు. ఈ మాట మీ పంతులుకు ముందే తెలియవద్దూ?" అంటూ లేచారు. మా బావమరిది చేయి కండువా మీద ఊరకే ఆని ఉన్నది.

అదే సమయానికి వీధిలో పోతున్న పెద్దాయన ఒకరు రోజూ అడిగినట్లే కేకవేశారు: "ఏమండీ, లేచి కూర్చుంటున్నారా?"

లోపలినుండి మామయ్యే జవాబు చెప్పారు: "నిలబడే ఉన్నానయ్యా, వచ్చి చూడు!"